ఒక డ్రైవు, నాలుగు కంప్యూటర్లు: సంఘం పాత సీడీలను పంచుకుని చదవడం

(గ్రామ పాల సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో మా కంప్యూటరు విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో పచ్చిమేత గురించి, గాలికుంటు టీకాల గురించి, పాల శుభ్రత గురించి పెద్దలు చెప్పారు. మేము చెప్పదలచినది సంఘం బీరువాలో ఉన్న సీడీల గురించి. పాలకూ సీడీలకూ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉన్నది. చాలా సంఘాల్లో కంప్యూటరు వచ్చిన కొత్తలో సంవత్సరాంతపు లెక్కలను సీడీ మీద ఎక్కించి, ఆ సంవత్సరం అంకె వేసి, బీరువాలో పెట్టారు. సభ్యుల జాబితా, వాటా ధనం ఖాతా, పాల బిల్లులు, బోనసు పంపకం, ఆడిటు నివేదికలు అన్నీ ఆ పళ్ళేల మీద ఉన్నాయి. ఇప్పుడు కొనే కంప్యూటర్లలో, ముఖ్యంగా ల్యాప్‌టాప్‌లలో, ఆ పళ్ళెం పెట్టే సొరుగే ఉండటం లేదు. తాళం బీరువాలోనే ఉన్నా తాళంచెవి ఊళ్ళో లేనట్లయింది పరిస్థితి.

ఒక్క ఉదాహరణ చూడండి. ఇరవై ఏళ్ళుగా పాలు పోసిన ఒక సభ్యుడు కాలం చేశాడనుకుందాం. ఆయన భార్య సంఘానికి వచ్చి, ఆయన పేరున ఉన్న వాటాలు, రావలసిన బోనసు తన పేరుకు మార్చమని అడుగుతుంది. పాత పుస్తకం చెదలు తిన్నది. లెక్క ఉన్నది సీడీలోనే. ఆ సీడీని చదవలేకపోతే ఆమెకు కార్యదర్శి ఏమని సమాధానం చెప్పాలి? సంఘంలో ఓటు హక్కుకు ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పాలు పోసి ఉండాలన్న నిబంధన ఉన్నచోట ఎన్నికల ముందు ఇలాంటి తగాదాలే వస్తాయి. కనుక ఇది యంత్రం విషయమే కాదు, సభ్యుల హక్కు విషయం కూడా.

మన సహకార పద్ధతిలో దీనికి మార్గం ఉన్నది. ఒక రైతు కొనలేని శీతలీకరణ యంత్రాన్ని పదిమందీ కలిసి పెట్టుకున్నాము. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో, ఆనంద్ కేంద్రంగా మొదలైన సంఘం నేర్పింది ఆ పాఠమే. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ దానినే దేశమంతా పరచింది. అదే విధంగా ఆఫీసులో ఏ ఒక్క కంప్యూటరుకు సీడీ డ్రైవు ఉన్నా, తక్కినవి తీగ ద్వారా దానిని వాడుకోవచ్చును. అది ఎలాగో, అది ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ రోజు చెప్పుకుందాము.

పళ్ళెం మీద ఏముంటుంది?

సీడీ 12 సెంటీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం గల పాలీకార్బనేట్ ప్లాస్టిక్ పళ్ళెం. పాటల సీడీ 1982లో బజారులోకి వచ్చింది. దానినే కంప్యూటరు సమాచారానికి వాడే పద్ధతిని ఫిలిప్స్, సోనీ సంస్థలు తయారుచేశాయి. పళ్ళెం మీద ఫైళ్ళను ఏ వరసలో పెట్టాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 9660, 1988లో వచ్చింది. ఏ కంపెనీ కంప్యూటరులో పెట్టినా ఒకే సీడీ చదవబడటానికి కారణం ఈ ప్రమాణమే.

పళ్ళెంలో లోపలి నుండి బయటికి, జిలేబీ చుట్టలా ఒకే గీత తిరుగుతూ పోతుంది. ఆ గీత మీద కంటికి కనిపించని గుర్తులుంటాయి. లేజరు కిరణం వాటిపై పడి తిరిగి వచ్చే తీరును బట్టి యంత్రం సమాచారాన్ని గ్రహిస్తుంది. సీడీలో 650 నుండి 700 మెగాబైట్లు పడతాయి. సాధారణ డీవీడీలో 4.7 గిగాబైట్లు పడతాయి. యూనికోడు తెలుగులో ఒక్కొక్క గుర్తుకు సాధారణంగా మూడు బైట్లు పడుతుంది. పేజీకి రెండు వేల గుర్తుల చొప్పున లెక్క వేసినా ఒక్క సీడీలో లక్ష పేజీలకు పైగా పడుతుంది. సంఘం పుట్టిన నాటి నుండి నేటి వరకు ఉన్న లెక్కలన్నీ దానిలో ఒక మూలకు సరిపోతాయి.

మరొక సంగతి కూడా గమనించాలి. సమాచారపు సీడీలో ప్రతి గడికి 2,352 బైట్లుంటే, మన సమాచారానికి వాడేది 2,048 మాత్రమే. మిగిలినది గడి గుర్తుకు, తప్పులు కనిపెట్టి సరిదిద్దుకోవడానికి ఉంచుతారు. అందుకే చిన్న చిన్న గీతలు పడినా సీడీ చదవబడుతుంది. అలాగని గీతలకు హద్దు లేదనుకోరాదు.

పంచుకోవడం కొత్త సంగతి కాదు

1990వ దశకంలో పెద్ద గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు సీడీ డ్రైవులను గోపురంలా ఒకదానిపై ఒకటి పేర్చి నెట్‌వర్కుకు తగిలించేవి. చదువరులు తమ తమ బల్లల దగ్గర కూర్చుని ఆ సీడీలను చూసేవారు. 2008 జనవరిలో ఆపిల్ కంపెనీ మాక్‌బుక్ ఎయిర్ అనే పలుచని ల్యాప్‌టాప్‌ను సీడీ డ్రైవు లేకుండా విడుదల చేసింది. దానితోపాటు రిమోట్ డిస్క్ అనే సదుపాయం ఇచ్చింది. పక్కనున్న మరొక కంప్యూటరు డ్రైవులో సీడీ పెడితే, నెట్‌వర్కు ద్వారా ఈ ల్యాప్‌టాప్ దానిని చదివేది. పాటల సీడీలకు, సినిమా డీవీడీలకు మాత్రం అది పనిచేయదని కంపెనీయే చెప్పింది. ఆ హద్దు ఎందుకో మున్ముందు మనవి చేస్తాము.

ఆఫీసులో చేయవలసిన ఏర్పాటు

ముందుగా రెండు పేర్లు పెట్టుకుందాము. డ్రైవు ఉన్న కంప్యూటరు ఇచ్చే కంప్యూటరు. డ్రైవు లేనివి పుచ్చుకునే కంప్యూటర్లు. ఇవన్నీ ఒకే రూటరుకు గాని, ఒకే స్విచ్చికి గాని కలిసి ఉండాలి. వైఫై అయినా ఫరవాలేదు, కాని తీగ మేలు. మామూలు నెట్‌వర్కు తీగను ఒక్క బారుగా 100 మీటర్ల వరకు లాగవచ్చును. పాలు కొలిచే గదికీ, లెక్కలు రాసే గదికీ మధ్య దూరం ఏ సంఘంలోనూ అంతకు మించదు.

విండోస్ ఉన్న ఇచ్చే కంప్యూటరులో పని ఇలా జరగాలి. డ్రైవులో సీడీ పెట్టండి. 'దిస్ పీసీ' తెరచి, సీడీ డ్రైవు బొమ్మ మీద మౌసు కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్' లోకి వెళ్ళండి. అందులో 'షేరింగ్' పేజీ, దానిలో 'అడ్వాన్స్‌డ్ షేరింగ్' ఉంటుంది. 'షేర్ దిస్ ఫోల్డర్' ఎదుట టిక్కు పెట్టి, ఒక చిన్న పేరు, ఉదాహరణకు 'సీడీ' అని ఇంగ్లీషు అక్షరాలలో ఇవ్వండి. అనుమతుల దగ్గర చదవడం మాత్రమే ఉంచండి. నెట్‌వర్కును 'ప్రైవేటు' అని గుర్తించి ఉండాలి. 'పబ్లిక్' అని ఉంటే కంప్యూటరు తన తలుపు తానే మూసుకుంటుంది.

పుచ్చుకునే కంప్యూటరులో ఫైళ్ళ కిటికీ పైనున్న అడ్రసు పట్టీలో వెనక్కి వాలిన గీతలు రెండు, ఇచ్చే కంప్యూటరు పేరు, మళ్ళీ ఒక వెనుకగీత, తరువాత మీరు పెట్టిన పేరు టైపు చేసి ఎంటర్ కొట్టాలి. సీడీలోని ఫైళ్ళు కనిపిస్తాయి. రోజూ వాడేటట్లయితే 'మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్' ద్వారా దానికి ఒక అక్షరం కేటాయించుకోవచ్చు. అప్పుడు ఆ డ్రైవు మీ కంప్యూటరులోనే ఉన్నట్లు కనిపిస్తుంది. సీడీ మార్చినప్పుడు ఏర్పాటు మళ్ళీ చేయనక్కరలేదు. పంచుకున్నది డ్రైవును కనుక అందులో ఏ సీడీ పెడితే ఆ సీడీయే కనిపిస్తుంది. లైనక్సు వాడే చోట సాంబా అనే ప్రోగ్రాము ఇదే పని చేస్తుంది.

నాలుగు జాగ్రత్తలు మరువవద్దు. ఒకటి, ఇచ్చే కంప్యూటరు మేలుకుని ఉండాలి. కొంతసేపు ముట్టుకోకపోతే నిద్రపోయేటట్లు పెట్టి ఉంటే ఆ అమరిక తీసివేయండి. రెండు, పేరూ పాస్‌వర్డూ లేకుండా పంచుకోవడం పనికిరాదు. ఇచ్చే కంప్యూటరులో ఇందుకోసం ఒక ఖాతా తెరచి, దాని పాస్‌వర్డును కార్యదర్శి, గుమాస్తా మాత్రమే తెలుసుకోవాలి. సభ్యుల బ్యాంకు ఖాతాల నెంబర్లు, ఆధారు నెంబర్లు అందులో ఉండవచ్చు. మూడు, ఆఫీసు వైఫై పాస్‌వర్డును వచ్చిపోయే వారికి ఇవ్వవద్దు. నాలుగు, ఈ పంపకాన్ని ఆఫీసు గోడలు దాటించి ఇంటర్నెట్టు మీదకు తెరవవద్దు. ఒక ఊరి సంఘం సీడీని మరొక ఊళ్ళో చదవాలంటే ఆ సీడీని బస్సులో పంపడమే మంచిది.

పాత కంప్యూటరు ఉన్నవారికి హెచ్చరిక

కొన్ని సంఘాల్లో సీడీ డ్రైవు ఉన్నది విండోస్ ఎక్స్‌పీ నడిచే పాత కంప్యూటరులోనే. ఎక్స్‌పీకి కంపెనీ మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. అది ఫైళ్ళు పంచుకునేందుకు వాడే పాత భాషను ఎస్ఎంబీ 1 అంటారు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ఆ పాత భాషను నడిపే భాగంలోని లోపం ద్వారానే ప్రపంచమంతా వ్యాపించింది. ఫైళ్ళకు తాళం వేసి, డబ్బు కట్టమని అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా కొన్ని పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. అదే సంవత్సరం నుండి కొత్త విండోస్‌లో ఆ పాత భాషను ముందుగా పెట్టి ఇవ్వడం మానివేశారు.

అందుచేత పాత కంప్యూటరూ కొత్త కంప్యూటరూ ఒకదానికొకటి కనిపించకపోతే కంగారు పడవద్దు. పాతదాని కోసం కొత్తదానిలో ఎస్ఎంబీ 1 తెరవమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. రోగం వచ్చిన పశువును మందలో కట్టివేయడం లాంటిది అది. ఎక్స్‌పీ కంప్యూటరును నెట్‌వర్కుకు దూరంగా ఉంచి, సీడీని దాని హార్డ్ డిస్కులోకి ఎక్కించి, అక్కడి నుండి పెన్ డ్రైవు ద్వారా తెచ్చుకోండి. పెన్ డ్రైవును కొత్త కంప్యూటరులో వైరస్ పరీక్ష చేసిన తరువాతనే తెరవండి. యూఎస్‌బీకి తగిలించే విడి డ్రైవు దొరికితే ఇంకా మంచిది. దానిని కొత్త కంప్యూటరుకు తగిలించి, దానినే ఇచ్చే కంప్యూటరుగా పెట్టుకోవచ్చు. అలాంటి డ్రైవు ఒకటి కొని నాలుగైదు ఊళ్ళ సంఘాలు వంతులవారీగా వాడుకోవచ్చునని మా సూచన.

ఎంత వేగం? ఎందరు ఒకేసారి?

సీడీ మొదటి వేగం సెకనుకు 150 కిలోబైట్లు. డ్రైవు మీద 48 అని ఉంటే దానికి 48 రెట్లు, అంటే సెకనుకు దాదాపు 7 మెగాబైట్లు. అదీ పళ్ళెం వెలుపలి అంచు దగ్గర మాత్రమే. 100 మెగాబిట్ల నెట్‌వర్కు తీగ లెక్క ప్రకారం సెకనుకు 12.5 మెగాబైట్లు మోయగలదు. కనుక సీడీ విషయంలో తీగ ఇరుకు కాదు. డీవీడీ ఒక రెట్టు వేగమే సెకనుకు 1.385 మెగాబైట్లు. 16 రెట్ల డ్రైవు 22 మెగాబైట్ల వరకు వెళుతుంది. అక్కడ 100 మెగాబిట్ల తీగ కొంచెం వెనుకబడుతుంది. 1000 మెగాబిట్ల స్విచ్చి ఉంటే ఆ ఇబ్బంది లేదు.

అసలు ఇరుకు వేరేచోట ఉన్నది. డ్రైవులో చదివే కన్ను ఒక్కటే. ఒకరు వరసగా చదువుతుంటే అది సాఫీగా పోతుంది. ఇద్దరు ఒకే సీడీలోని వేర్వేరు ఫైళ్ళు అడిగితే ఆ కన్ను లోపలికీ బయటికీ పరుగెత్తాలి. ఒక్కొక్క పరుగుకు సెకనులో పదో వంతు పడుతుంది. హార్డ్ డిస్కుకు పట్టే సమయానికి అది దాదాపు పది రెట్లు. ఒకే చేద ఉన్న బావి దగ్గర ఇద్దరు చెరొక దిక్కు తాడు లాగితే ఎవరి బిందె నిండుతుంది? అందువల్ల డ్రైవును నాలుగు కంప్యూటర్లకు పంచవచ్చును గాని నలుగురూ ఒకేసారి వాడకూడదు. వంతు పెట్టుకోవాలి.

పంచుకోవడం కుదరనివి

పాటల సీడీలో కంప్యూటరు అర్థంలో ఫైళ్ళు ఉండవు. ధ్వని వరసగా గీత వెంట పరచి ఉంటుంది. విండోస్ చూపించే చిన్న చిన్న ఫైళ్ళు పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే చీటీలు మాత్రమే. నెట్‌వర్కు మీద ఆ చీటీలు వస్తాయి, పాట రాదు. పశుపోషణ పాఠాల ధ్వని సీడీ మీ దగ్గర ఉంటే దానిని డ్రైవు ఉన్న కంప్యూటరులోనే మామూలు ధ్వని ఫైళ్ళుగా మార్చుకుని, వాటిని పంచుకోండి. కొన్న సినిమా డీవీడీలకు నకలు తీయకుండా తాళం ఉంటుంది. వాటి జోలికి పోవద్దు.

ఈ పంపకం ద్వారా సీడీ మీద రాయడం కుదరదు. చదవడమే. కంప్యూటరు ఇంకా లేవకముందే సీడీ నుండి లేపవలసిన పనికి, అంటే విండోస్ కొత్తగా ఎక్కించడం వంటి దానికి, ఇది పనికిరాదు. ఫైళ్ళ పంపకం ఇద్దరూ లేచి కూర్చున్న తరువాత సాగే వ్యవహారం. కొన్ని ప్రోగ్రాములు నిజమైన సీడీ తమ కంప్యూటరులోనే ఉండాలని పట్టుబడతాయి. అవి కూడా ఒప్పుకోవు. ఒక కంప్యూటరుకు మాత్రమే అనుమతి కొన్న ప్రోగ్రాము సీడీని పంచుకుని నాలుగింటిలో ఎక్కించడం చట్టరీత్యా తప్పు. మన లెక్కలు మనవి కనుక వాటికి ఆ చిక్కు లేదు.

పంచుకోవడం కంటె మేలైన పని

ఇంతవరకు చెప్పినది ఎరువు తెచ్చుకున్న కుంచంతో కొలవడం. ఎరువు కుంచం ఏదో ఒకనాడు వెనక్కి పోతుంది. డ్రైవు చెడిపోతుంది, సీడీ మసకబారుతుంది. కనుక మేము గట్టిగా కోరేది ఒక్కటే. పంచుకున్న డ్రైవును రోజువారీ చదువుకు కాక, ఒక్కసారి నకలు తీయడానికి వాడండి. తరువాత నకలును పంచుకోండి.

సీడీ మొత్తాన్ని ఉన్నదున్నట్లు ఒకే ఫైలుగా ఎత్తవచ్చును. దానిని ఐఎస్ఓ ప్రతి అంటారు. ఇది డ్రైవు ఉన్న కంప్యూటరులోనే తీయాలి, ఇందుకు ఉచిత ప్రోగ్రాములున్నాయి. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని, ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే చాలు, సీడీ పెట్టినట్లే తెరచుకుంటుంది. డ్రైవు అక్కరలేదు. ఆ ప్రతులను ఒక ఫోల్డరులో పెట్టి, ఆ ఫోల్డరును చదవడానికి మాత్రమే పంచుకోండి. అప్పుడు నలుగురు నాలుగు సంవత్సరాల లెక్కలు ఒకేసారి చూసినా పేచీ ఉండదు. బాగున్న డ్రైవులో ఒక సీడీకి పది నిమిషాలు చాలు. నూరు సీడీలు నిండుగా ఉన్నా అన్నీ కలిపి 70 గిగాబైట్లే. 500 గిగాబైట్ల హార్డ్ డిస్కులో ఏడవ వంతు కూడా కాదు.

నకలు తీయగానే పని అయిపోలేదు. ప్రతి నకలునూ తెరచి, ఆ సంవత్సరపు మొదటి నెల, చివరి నెల బిల్లులు చూడండి. మొత్తాలను ఆడిటు నివేదికతో సరిపోల్చండి. తరువాత ఇంకొక నకలును విడి హార్డ్ డిస్కులోకి ఎక్కించి, సంఘం ఆఫీసులో కాక వేరేచోట భద్రపరచండి. వాన వచ్చినా, పిడుగు పడినా, దొంగతనం జరిగినా రెండూ ఒకేసారి పోవు. ఏ సీడీ ఎవరు ఎత్తారో, ఏ తేదీన ఎత్తారో ఒక పుస్తకంలో రాసి, కార్యదర్శి సంతకం చేయాలి.

తెరచుకున్నా అర్థం కాకపోతే?

సీడీ తెరచుకుంటుంది గాని లోపలి ఫైలు తెరచుకోదు, ఇదేమిటని మీలో కొందరు అడిగారు. 1990వ దశకంలో మన దేశంలో చాలా లెక్కల ప్రోగ్రాములు ఫాక్స్‌ప్రోలో రాశారు. వాటి ఫైళ్ళ పేర్ల చివర డీబీఎఫ్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఆ ప్రోగ్రాము లేకపోయినా ఎక్సెల్‌లో గాని, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లో గాని వాటిని తెరవవచ్చును. అసలు ఫైలును కదపకుండా, నకలునే తెరవండి.

రెండవ చిక్కు తెలుగు అక్షరాలది. యూనికోడు వాడుకలోకి రాకముందు ఒక్కొక్క తెలుగు ఫాంటుదీ ఒక్కొక్క పద్ధతి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో సభ్యుల పేర్లు పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. సమాచారం పోలేదు, అది వేసుకునే బట్ట లేదంతే. కనుక పాత కంప్యూటరును తీసివేసే ముందు అందులోని తెలుగు ఫాంటు ఫైళ్ళను, లెక్కల ప్రోగ్రామును కూడా నకలు తీసి దాచండి. వీలైతే ముఖ్యమైన జాబితాలను అచ్చు తీసి పుస్తకంగా కుట్టించండి. కాగితాన్ని చదవడానికి ఏ డ్రైవూ అక్కరలేదు.

సీడీల సంరక్షణ

మనం ఇంట్లో రాసుకునే సీడీలో సమాచారం ఒక రంగు పూత మీద ఉంటుంది. ఎండ, వేడి, తేమ ఆ పూతకు శత్రువులు. పాలు పోసే గది రోజూ కడిగేది, అక్కడ తేమ తప్పదు. సీడీలను ఆ గదిలో ఉంచవద్దు. కిటికీ పక్కన కూడా వద్దు. డబ్బాలో నిలువుగా నిలబెట్టండి. బొమ్మ ఉండే పైభాగమే గట్టిదని చాలామంది అనుకుంటారు. నిజానికి సీడీలో సమాచారపు పొర ఆ పైభాగం కిందనే, పలుచని లక్కపూత చాటున ఉంటుంది. అక్కడ బాల్ పెన్నుతో రాస్తే పొర చెడవచ్చు. కాగితం చీటీలు అంటించవద్దు. మెత్తని మొన గల మార్కరుతో నడిమి ప్లాస్టిక్ భాగం మీద రాయండి. దుమ్ము తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో నడిమి నుండి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత చుట్ట వెంటే పోయి, ఒక్కచోటే ఎక్కువ సమాచారం దెబ్బతింటుంది.

సంఘాలకు మా మనవి

ఈ నెల పాలకవర్గ సమావేశంలో ఈ విషయాన్ని అజెండాలో పెట్టండి. బీరువాలోని సీడీలన్నీ లెక్కపెట్టి, సంవత్సరాల వారీగా జాబితా రాయండి. డ్రైవు ఉన్న కంప్యూటరు ఊళ్ళో ఎక్కడున్నదో తెలుసుకోండి. బడిలో ఉండవచ్చు, మీ ఇంటి పిల్లల దగ్గర ఉండవచ్చు. ఇతరుల కంప్యూటరు వాడినప్పుడు పని కాగానే మన ఫైళ్ళు దానిలో మిగలకుండా చూసుకోండి. ముందుగా వాటా ధనం ఖాతా, సభ్యుల జాబితా ఉన్న సీడీలు ఎత్తండి. తరువాత బోనసు, పాల బిల్లులు. ప్రకటనలు, ఫొటోలు ఆఖరున.

నకళ్ళు పూర్తయిన సంఘం ఆ విషయాన్ని మహాజన సభలో సభ్యులకు చెప్పాలి. ఏ సభ్యుడైనా, ఏ సభ్యురాలైనా తన ఖాతా చూపమని అడిగితే అక్కడికక్కడే తీసి చూపగలగాలి. సీడీలను మాత్రం పారవేయవద్దు. నకలు మీద సందేహం వచ్చిననాడు అసలే సాక్ష్యం.

సీడీ చదవబడకపోయినా, కంప్యూటర్లు ఒకదానికొకటి కనిపించకపోయినా, ఆ సీడీలతో మా విభాగానికి రండి. మా దగ్గర ఉన్న డ్రైవులు మీవే. సంఘం పేరు, సీడీల జాబితా రాసిన కాగితం వెంట తెచ్చుకుంటే పని తొందరగా అవుతుంది.